పెరటి కొలను మళ్ళీ కట్టించాలి, అందులోని తోకకప్పలను ఎలా కాపాడాలి?

హన్మకొండ_తామర
మా పెరట్లో ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న సిమెంటు కొలను ఉంది. అడుగు గచ్చు బీటలు వారి రోజుకు బెత్తెడు నీరు ఇంకిపోతోంది. పాత గచ్చంతా చెక్కేసి కొత్తగా ప్లాస్టరింగ్ చేస్తే తప్ప నీరు నిలవదని తాపీమేస్త్రి తేల్చి చెప్పాడు, సోమవారం పని మొదలుపెడతానన్నాడు. అయితే తొలకరి వానలకు కప్పలు వచ్చి గుడ్లు పెట్టడంతో ఇప్పుడు నీటి నిండా తోకకప్పలున్నాయి. కొన్ని నల్లగా, మిరియాల గింజంత తలలతో గుంపుగా తిరుగుతున్నాయి. కొన్ని మట్టిరంగులో పెద్దవిగా ఉన్నాయి, వాటిలో కొన్నింటికి వెనుక కాళ్ళు కూడా మొలిచాయి. మోటారు పెట్టి నీటిని మురుగుకాలువలోకి తోడేద్దామని మేస్త్రి అంటున్నాడు. మా ఇంట్లోవాళ్ళు వాటిని బకెట్లలో తీసుకెళ్ళి భద్రకాళి చెరువులో వదిలేయమంటున్నారు. నాకు ఈ రెండూ నచ్చలేదు. ఇలాంటి పని చేసినవారు దారి చెప్పగలరు.

మట్టివాసన
వాయిదా వేయగలిగితే వేయండి. అన్నిటికన్నా సులువైన ఉపాయం అదే. మన ప్రాంతంలో కొలను పనులకు సంక్రాంతి ముందువెనుకల రోజులు అనువైనవి. అప్పటికి ఈ పిల్లలన్నీ కప్పలై గట్టెక్కిపోతాయి.

నెల్లూరు_తోట
మట్టివాసన గారి మాట హన్మకొండకు సరిపోతుంది కానీ, దాన్ని అందరికీ ఒకే సూత్రంగా తీసుకోకూడదు. మాకు అసలు వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో పడతాయి, కప్పల బెకబెకలు కూడా అప్పుడే ఎక్కువ. సంక్రాంతికి మా కొలనులో ఇంకా తోకకప్పలు కనిపిస్తాయి. మాకు వేసవి మొదలు, అంటే మార్చి నెల మేలు. ఏ ఊరివారైనా తమ ఊరి వానను బట్టి లెక్క వేసుకోవాలి.

మేడతోట_సికింద్రాబాద్
వాయిదా సంగతి కొంచెం లెక్క కట్టి చూద్దాం. ఎనిమిది అడుగులు, ఐదు అడుగుల కొలనులో బెత్తెడు, అంటే మూడు అంగుళాల నీరు పోతోందంటే రోజుకు దాదాపు 280 లీటర్లు పోతున్నట్టు. ఆ లోటును నేరుగా నల్లా నీటితో పూడ్చకూడదు. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది తోకకప్పల మొప్పలను దెబ్బతీస్తుంది. వెడల్పైన పాత్రలో, ఎండ తగిలేచోట, కనీసం ఒక రోజు మూత లేకుండా ఉంచిన నీటినే కలపాలి. అంటే రోజూ రెండు పెద్ద డ్రమ్ముల నీరు ముందురోజే పట్టి ఉంచుకోవాలి. ఆ ఓపిక ఉంటే పిల్లలు కప్పలయ్యేదాకా నెలన్నర నెట్టుకురావచ్చు. లేకపోతే తోకకప్పలను తొట్టిలోకి మార్చడమే మంచిది.

గోదారిగట్టు
ఇంత శ్రమ అవసరమా అన్నది నా సందేహం. ఒక్కో కప్ప వందల నుంచి వేల గుడ్లు పెడుతుంది, వాటిలో కప్పలయ్యేవి గుప్పెడు మాత్రమే. మిగిలినవి చేపలకు, తూనీగ పిల్లలకు, కొంగలకు ఆహారమవుతాయి. ప్రకృతి లెక్క అలా ఉన్నప్పుడు, ఒక బకెట్ నిండా పిల్లలను పక్కకు తీసి, మిగతా వాటి గురించి అంతగా బాధపడకుండా పని చేయించుకోవచ్చు కదా.

జీవశాస్త్రం_మాస్టారు
గోదారిగట్టు గారూ, చాలా పిల్లలు చనిపోతాయన్న మాట నిజమే. కానీ చెరువులో చనిపోయిన తోకకప్ప ఇంకో జీవికి ఆహారమవుతుంది, మురుగుకాలువలో కలిసిన తోకకప్ప ఎవరికీ ఆహారం కాదు. పైగా ఊళ్ళలో కప్పలు గుడ్లు పెట్టడానికి చేపలు లేని నీటిమడుగులు కరువైపోతున్నాయి. ఒక పెరటి కొలను ఆ వీధి కప్పలన్నిటికీ ఏకైక ఆధారం కావచ్చు. అందుకే నేను దీన్ని చిన్న విషయంగా చూడను.

ఇక భద్రకాళి చెరువు ఆలోచన మంచి మనసుతో చెప్పిందే అయినా దయచేసి మానుకోండి. పెద్ద చెరువుల్లో చేపలుంటాయి, చేపల అలికిడి ఎరుగని మీ పిల్లలు మొదటి గంటలోనే వాటికి చిక్కుతాయి. అంతకన్నా పెద్ద కారణం జబ్బులు. కప్పల చర్మాన్ని పట్టి పీడించే కైట్రిడ్ అనే శిలీంధ్రం ప్రపంచంలో ఎన్నో కప్పజాతులను తుడిచిపెట్టింది, అది నీటితోనూ, కప్పలతోనూ ఒకచోట నుంచి ఇంకోచోటికి ప్రయాణిస్తుంది. మన దేశంలో పడమటి కనుమల కప్పల్లో కూడా దాన్ని గుర్తించారు. అందువల్ల ఒక నీటి జీవిని వేరే నీటిలోకి మార్చే అలవాటే మంచిది కాదు. అండమాన్ దీవులకు మనుషుల ద్వారా చేరిన మన బోదురుకప్ప అక్కడ విపరీతంగా పెరిగి స్థానిక జీవులకు ముప్పుగా మారింది. ఇక్కడి కప్పే, కానీ అక్కడిది కాదు. పెరట్లో పుట్టినవి పెరట్లోనే పెరగాలి.

మీరు రాసిన దాన్ని బట్టి మీ కొలనులో కనీసం రెండు జాతులున్నాయి. నల్లగా గుంపుగా తిరిగేవి, ఒంటినిండా బుడిపెలుండి రాత్రిపూట దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునే కప్ప పిల్లలు కావచ్చు. దాని గుడ్లు పూసల దండల్లాగా పొడవాటి జిగురు తాళ్ళుగా నీటిమొక్కలకు చుట్టుకుని ఉంటాయి. పెద్దవి బోదురుకప్ప పిల్లలైతే మాత్రం వాటిని తప్పనిసరిగా వేరే తొట్టిలో వేయండి. చాలా జాతుల తోకకప్పలు పాచి గీక్కుని తింటాయి, బోదురుకప్ప పిల్లలు మాత్రం మాంసాహారులు. ఇరుకైన తొట్టిలో అవి నల్లవాటిని ఒక్కొక్కటిగా తినేస్తాయి, ఆపైన ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

పాలమూరు_రైతు
మాస్టారు చెప్పింది నేను కళ్ళారా చూశాను. మా పొలం గుంటలో పచ్చపసుపు రంగుకు తిరిగిన మగ బోదురుకప్పలు తొలి వానకే దిగుతాయి, గొంతు రెండు పక్కలా నీలిరంగు తిత్తులు ఉబ్బించి రాత్రంతా అరుస్తాయి. పది రోజులు గడిచేసరికి ఆ గుంటలో చిన్న జాతుల పిల్లలు పలచబడిపోతాయి.

వానకోయిల
రామచిలుక పచ్చ రంగు ప్లాస్టిక్ తొట్టి బదులు మా అమ్మగారి ఇత్తడి గంగాళం వాడవచ్చా? వెడల్పుగా, దిట్టంగా ఉంది, చూడడానికీ బాగుంటుంది.

మేడతోట_సికింద్రాబాద్
వద్దు. ఇత్తడి, రాగి, కంచు ఏదీ వద్దు. రాగి కొద్ది మోతాదులో నీటిలో కరిగినా తోకకప్పలకు విషమే. జింకు పూత పూసిన ఇనుప తొట్టి కూడా అంతే ప్రమాదం. ప్లాస్టిక్ తొట్టి, సగానికి కోసిన నీలం డ్రమ్ము, లేదా చాలాకాలం వాడకంలో ఉన్న పాత సిమెంటు గోలెం పనికొస్తాయి. డ్రమ్ములో ఇంతకుముందు యాసిడ్, ఫినాయిల్, పురుగుమందు వంటివి పోసి ఉంటే దాని జోలికి పోవద్దు, ఎంత కడిగినా వదలదు. సబ్బు, డిటర్జెంట్ అసలు తగలనీయవద్దు.

లోతు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే గాలి నీటిలోకి చేరేది పైభాగం నుంచే. తోకకప్ప ఒక్కింటికి ఒక లీటరు నీరైనా ఉండేలా చూసుకోండి. ఇరుకైతే అవి ఎదగవు, నీరు కూడా రోజుకే కంపు కొడుతుంది. తొట్టిని చెట్టునీడలో పెట్టండి. కొలనులో నీరు ఎండకు వేడెక్కడానికి సగం రోజు పడుతుంది, తొట్టిలో గంట చాలు.

లక్ష్మి_విజయవాడ
అందరూ కప్పల గురించే రాస్తున్నారు, దోమల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఇది డెంగీ కాలం. నిల్వ నీరు ఉంచవద్దని, శుక్రవారం డ్రై డే పాటించి తొట్లు, కుండీలు బోర్లించమని ఊరంతా ప్రచారం చేస్తున్నారు. మా వీధిలో ఇద్దరు పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. నెలన్నర పాటు పెరట్లో నీటి తొట్టి పెట్టుకోమని సలహా ఇవ్వడం బాధ్యతాయుతంగా ఉందా? తోకకప్పలు దోమపిల్లలను తింటాయని కొందరు ధైర్యం చెబుతారు, అది ఎంతవరకు నిజం?

జీవశాస్త్రం_మాస్టారు
లక్ష్మి గారి ఆందోళన పూర్తిగా న్యాయమైనది. తోకకప్పలే దోమలను అదుపు చేస్తాయన్న భరోసా పెట్టుకోకూడదు. బోదురుకప్ప పిల్లలు దోమపిల్లలను తినే మాట నిజమే కానీ, పాచి తినే జాతులు అంతగా పట్టించుకోవు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి ఇంచుమించు ఎనిమిది, పది రోజులు చాలు.

దారి ఏమిటంటే, తొట్టి మీద దోమతెర గుడ్డను బిగువుగా కట్టి, అంచు చుట్టూ తాడు చుట్టాలి. దోమ లోపలికి పోలేదు, కాకి, లకుముకి పిట్ట ముక్కు పెట్టలేవు. ఉదయం పూట గుడ్డ తీసి చూసి, తల కిందులుగా వేలాడుతూ గిజగిజలాడే పురుగులు కనిపిస్తే టీ వడకట్టుతో తీసివేయాలి. తొట్టికి ఇది సరిపోతుంది. కొలను బాగైన తరువాత దోమల భయముంటే బీటీఐ అనే బాక్టీరియాతో తయారైన మందు వాడవచ్చు, అది దోమపిల్లల పేగులపైన పనిచేస్తుంది. దోమల నివారణ సిబ్బంది నీటిలో పోసే టెమిఫాస్ వంటి రసాయన మందును మాత్రం తోకకప్పలున్న నీటిలో పోయనీయవద్దు. సిబ్బంది వచ్చినప్పుడు గౌరవంగా విషయం చెప్పి, తెర కట్టిన తొట్టిని చూపిస్తే వారికీ అర్థమవుతుంది.

గోదారిగట్టు
దోమపిల్లలను తినే గంబూసియా చేపలు వేస్తే కొలనూ ఉంటుంది, దోమలూ పోతాయి కదా? చెరువుల్లో వేస్తున్నారు.

జీవశాస్త్రం_మాస్టారు
గంబూసియా అమెరికా ఖండపు చేప. దోమపిల్లలతో పాటు కప్ప గుడ్లను, చిన్న తోకకప్పలను కూడా తింటుంది, పెద్దవాటి తోకలు కొరుకుతుంది. కప్పలున్న కొలనులో దానికి చోటివ్వకూడదు.

లక్ష్మి_విజయవాడ
తెర కట్టే పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఎవరైనా ఒకరు రోజూ చూసుకునే వీలున్న ఇంట్లోనే ఈ పని చేయాలి. ఊరు వెళ్ళిపోయేవారు మొదలే పెట్టకూడదు.

పాలమూరు_రైతు
నీళ్ళు తోడే విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మోటారు నేరుగా దించితే దాని లాగుడుకు పిల్లలన్నీ లోపలికి పోయి నలిగిపోతాయి. ఒక కన్నాల ప్లాస్టిక్ బుట్ట తీసుకుని, దానికి దోమతెర గుడ్డ రెండు మడతలు చుట్టి, లోపల రాళ్ళు వేసి కొలనులో దించండి. మోటారు పైపును ఆ బుట్టలో పెట్టాలి. గుడ్డకు చెత్త పట్టి మూసుకుపోతుంటుంది, కనుక పక్కనే ఒక మనిషి నిలబడి తుడుస్తుండాలి. సగం నీరు పోయాక పైపు ఆపేసి, పిల్లలను పట్టుకోవడం మొదలుపెట్టండి. లోతు తగ్గితే అవి ఒకచోట చేరతాయి.

మట్టివాసన
పట్టేటప్పుడు వల వాడవద్దని నా మనవి. నీటిలోంచి పైకి తీసిన క్షణంలో వాటి ఒళ్ళు వలకు అంటుకుని చర్మం చిరుగుతుంది, వెనుక కాళ్ళు అప్పుడే మొలిచినవైతే మెలిపడతాయి. చెంబుతో, మగ్గుతో నీటితో సహా ముంచి తీయాలి. దోమల మందు, సన్‌స్క్రీన్ పూసుకున్న చేతులతో ఆ నీటిలో చేయి పెట్టకూడదు.

తొట్టిలో కొలను నీటినే నింపాలి. కొత్త నీరు ఎంత శుభ్రమైనా అది వాటికి పరాయి నీరే. పాచి పట్టిన రాళ్ళు రెండు, మూడు, కాస్త నాచు, అడుగు మట్టి ఒక పొర కూడా వేస్తే తిండి దానంతట అదే దొరుకుతుంది.

వానకోయిల
తిండి చాలకపోతే ఏం వేయాలి? మా పిల్లలు అన్నం మెతుకులు వేస్తామంటున్నారు.

మట్టివాసన
అన్నం, బ్రెడ్డు వేస్తే నీరు పులిసిపోతుంది. పాలకూర ఆకును మెత్తగా ఉడికించి, చల్లార్చి, గోరంత ముక్కలుగా వేయండి. రెండు మూడు గంటల్లో తిననిది తీసివేయండి. రోజు విడిచి రోజు నీటిలో నాలుగో వంతు తీసి, నిల్వ ఉంచిన నీరు అదే వేడిలో ఉన్నప్పుడు కలపండి. పిల్లలకు వేయాలని ఉంటే పాలకూర ముక్కలు వారి చేతే వేయించండి, సంతోషిస్తారు.

రెడింగ్_తెలుగమ్మాయి
మా ఇక్కడ బ్రిటన్‌లో తోట కొలనుల గురించి సలహాలు బోలెడు దొరుకుతాయి, వాటిని చదివి అక్కడ అలాగే చేయవద్దని చెప్పడానికే రాస్తున్నాను. ఇక్కడ కప్పలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పెడతాయి, వేసవికి పిల్లలు గట్టెక్కుతాయి. అందుకే కొలను పనులను సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేయమంటారు. ఆ తరువాత చలిలో కొన్ని కప్పలు కొలను అడుగు బురదలోనే గడుపుతాయి కాబట్టి అప్పుడు కదిలించకూడదు. మన ప్రాంతానికి ఆ నెలలు అసలు వర్తించవు. కానీ ఇక్కడివారు చెప్పే ఒక మాట మాత్రం అక్కడికీ పనికొస్తుంది. తీసిన నీటిమొక్కలను, నాచును వెంటనే చెత్తలో వేయకుండా ఒకటి రెండు రోజులు గట్టున కుప్పగా ఉంచితే, అందులో చిక్కుకున్న తూనీగ పిల్లలు, నత్తలు, తోకకప్పలు తడిలోంచి పాకి తిరిగి నీటిలోకి వస్తాయి. కుప్ప పక్కనే నీళ్ళున్న తొట్టి ఉండాలి, అది మరవకండి.

హన్మకొండ_తామర
అందరి సూచనలు శ్రద్ధగా చదివాను. నాకు ఇంకా రెండు సందేహాలున్నాయి. మేస్త్రి పని మూడు రోజుల్లో అయిపోతుందని అంటున్నాడు, అంటే నాలుగో రోజున పిల్లలను తిరిగి కొలనులో వేయవచ్చా? రెండోది, కొలను తూర్పు గోడకు, నీటికి జానెడు ఎత్తున అరచేయి వెడల్పున తెల్లని నురుగు ముద్ద అతుక్కుని ఉంది. పైన ఎండి గట్టిపడింది, గడ్డిపుల్లతో కదిపితే లోపల తడిగా ఉంది. అది కూడా గుడ్లేనా?

జీవశాస్త్రం_మాస్టారు
నురుగు ముద్ద చెట్టుకప్ప గూడు. ఆడ కప్ప తన ఒంటి నుంచి వచ్చే జిగురును వెనుక కాళ్ళతో గిలక్కొట్టి ఆ నురుగు తయారు చేసి అందులో గుడ్లు పెడుతుంది. కొన్ని రోజులకు గుడ్లు పగిలి, పిల్లలు కింద ఉన్న నీటిలోకి జారిపడతాయి. గూడును గోడ నుంచి పల్చటి రేకుతో మెల్లగా, ఒకే ముద్దగా విడదీసి, తడి అరటాకు మీద పెట్టి, తొట్టి నీటికి పైన రెండు కర్రల మధ్య వేలాడదీయండి. అరటాకు మధ్యలో నిలువుగా చీలిక ఉండాలి, లేకపోతే పిల్లలు ఆకు మీదే ఆగిపోయి ఎండిపోతాయి. తోడినప్పుడు కింద నీరు లేకుండా ఆ గూడును గోడకే వదిలేస్తే పిల్లలు గచ్చు మీద పడి చస్తాయి.

మేడతోట_సికింద్రాబాద్
నాలుగో రోజున వేస్తే ఒక్కటీ బతకదు. అసలు విషయం ఇదే, ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. కొత్త సిమెంటులోంచి సున్నం నీటిలోకి దిగుతూ ఉంటుంది, ఆ నీటి పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, 11 దాకా పోతుంది. తోకకప్పలకు 6.5 నుంచి 8 మధ్య ఉంటే మంచిది. మేస్త్రి పని మూడు రోజులే, కానీ ఆ తరువాత వారం రోజులు తడిపి ఉంచాలి. ఆ నీటిని పారబోసి, మళ్ళీ నింపి, నాలుగైదు రోజులుంచి, మళ్ళీ పారబోయాలి, అలా మూడు నాలుగు సార్లు. చేపల తొట్లు కట్టేవారు ఈ సమయంలో అరటి బోదె ముక్కలు వేసి నానబెడతారు, అవి కుళ్ళుతూ నీటిలోని సున్నం ఘాటును తగ్గిస్తాయి. చివర్లో అక్వేరియం దుకాణంలో దొరికే పీహెచ్ కాగితంతో చూసుకోవాలి. మొత్తం మీద నెల రోజులు.

కనుక హన్మకొండ_తామర గారు తొట్టిని రెండు మూడు రోజుల విడిదిగా కాక, ఆ పిల్లలు కప్పలయ్యేవరకు పెరిగే ఇల్లుగానే అనుకుని సిద్ధం చేయాలి.

పాలమూరు_రైతు
సిమెంటే ఎందుకు? మేము పొలం కుంటలకు వేసే దట్టమైన టార్పాలిన్ షీటు ఒకటి కొలను కొలతకు నాలుగు వైపులా లోతుకు అడుగున్నర చొప్పున, పైన గట్టు మడతకు ఒక అడుగు చొప్పున ఎక్కువగా కోయించుకుని పరిస్తే పని ఒకే రోజులో అయిపోతుంది. కింద ఇసుక లేదా పాత గోనెసంచులు పరవాలి, బీటల అంచులు షీటును కోయకుండా ఉంటాయి. గట్టు మీద రాళ్ళతో అదిమితే చాలు. షీటును ఉత్త నీటితో కడిగి, పాత నీరు, పాత మట్టి తిరిగి పోస్తే పిల్లలు మరునాడే సొంత ఇంటికి చేరతాయి.

మేడతోట_సికింద్రాబాద్
ఇది చక్కని ఆలోచన. ఎండకు షీటు కొన్నేళ్ళకు పాడవుతుందన్నది నిజం, కానీ ఈ వానాకాలం గడపడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. సిమెంటు పనిని సంక్రాంతి తరువాత ప్రశాంతంగా చేయించుకోవచ్చు.

వానకోయిల
థైరాయిడ్ మాత్ర నీటిలో కరిగిస్తే తోకకప్పలు త్వరగా కప్పలవుతాయని చదివిన గుర్తు. అలా చేస్తే ఎదురుచూపు తగ్గుతుందా?

జీవశాస్త్రం_మాస్టారు
1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథి ముక్కలు తినిపిస్తే అవి ముందుగానే కప్పలుగా మారాయి. కానీ ఒళ్ళు ఎదగకుండానే మారడం వల్ల ఈగంత కప్పలు తయారయ్యాయి. అలాంటి కప్ప బయట బతకలేదు. తొందరపెట్టకండి, థైరాయిడ్‌కు అయోడిన్ అవసరం కదా అని అయోడిన్ ఉప్పు కూడా వేయకండి.

నెల్లూరు_తోట
కప్పలు చేరితే పాములు వస్తాయన్న భయం పెద్దవారిలో ఉంటుంది, దానికీ సమాధానం ఉండాలి. కప్పల కోసం వచ్చేది ఎక్కువగా నీరుకట్టు పాము, దానికి విషం లేదు. అయినా కొలను చుట్టూ ఇటుకల గుట్టలు, కట్టెల మోపులు లేకుండా గడ్డి కత్తిరించి ఉంచితే పాములు దాక్కునే చోటు తగ్గుతుంది. రాత్రి పూట దీపం లేకుండా అటు వెళ్ళకూడదు.

హన్మకొండ_తామర
మేస్త్రితో మాట్లాడి సిమెంటు పనిని సంక్రాంతి తరువాతికి మార్చాను. ఆదివారం షీటు పరుస్తాం. పాలమూరు_రైతు గారు చెప్పిన కొలతతో షీటు కోయించాను. బోదురుకప్ప పిల్లలకు వేరే డ్రమ్ము తీసిపెట్టాను, నురుగు గూడుకు కర్రలు కట్టాను. షీటు నున్నగా ఉంటుంది కదా, కాళ్ళొచ్చిన పిల్లలు ఎలా పైకి ఎక్కగలవో చెప్పండి.

మట్టివాసన
అదే చాలామంది మరచిపోయే అంశం. వెనుక కాళ్ళు వచ్చినప్పుడు కంగారు లేదు. ముందు కాళ్ళు బయటపడ్డాక మాత్రం నోటి ఆకారం మారుతుంది, అది తినడం ఆపేసి తోకనే కరిగించుకుంటూ బతుకుతుంది, మొప్పలు పోయి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. ఆ రోజుల్లో ఎక్కడానికి వాలు దొరకకపోతే నీటిలోనే మునిగి చనిపోతుంది. ఒక మూల నుంచి గరుకు రాళ్ళను మెట్లుగా పేర్చి, నీటిమట్టం పైదాకా తీసుకురండి. పాత గోనెసంచిని గట్టు మీంచి నీటిలోకి వేలాడదీసినా పట్టు దొరుకుతుంది. తొట్టికి కూడా ఇదే పద్ధతి, అందులో ఒక వాలు చెక్క పెట్టండి. గట్టు చేరినచోట నీడ కోసం ఒక మట్టి కుండీనో, పగిలిన పెంకునో బోర్లించి, కింద తడి ఆకులు వేయండి. గోరంత కప్ప ఎండలో పది నిమిషాలు ఉంటే చాలు, ఎండిపోతుంది.

పాలమూరు_రైతు
కొలనుకు అలుగు గొట్టం ఉంటే దాని నోటికి కూడా దోమతెర గుడ్డ కట్టండి. పెద్ద వాన పడ్డ రాత్రి పిల్లలన్నీ ఆ గొట్టం గుండానే కాలువలోకి కొట్టుకుపోతాయి.